నిలబడమని చెప్పే కూత

2018 మార్చి 24, శనివారం, ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలు. గంగారం మండలంలోని తునికిగుంపు అనే కోయగూడేనికి పడమరగా కిలోమీటరున్నర దూరాన ఉన్న ఇప్పచెట్ల కింద ఉష్ణోగ్రత ఇరవై ఒక్క డిగ్రీలకు అటూ ఇటూగా ఉండి ఉంటుంది. ఆకాశంలో మబ్బు లేదు. అర్ధచంద్రుడు అర్ధరాత్రి దాటిన కాసేపటికే అస్తమించాడు కాబట్టి వెన్నెల లేదు. తూర్పున తెలుపు అప్పుడే మొదలవుతోంది. గాలి లేదు. ఈ చివరి సంగతి తక్కిన అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే కూత గాలికి కొట్టుకుపోయి ఉంటుందని తర్వాత విచారణకు వచ్చిన అటవీ అధికారి కాగితం మీద రాశాడు. ఆ ఉదయం అక్కడున్న పదకొండు మంది ఆడవాళ్ళను నేను విడివిడిగా అడిగాను. పదకొండు మందీ కూత విన్నామనే చెప్పారు.

వినీ ఎందుకు లేవలేదన్నదే నేను రాయవలసింది.

గూడేనికి తిండీ డబ్బూ అయిన ఇప్పపూవు చీకటి విడవకముందే రాలుతుంది. పొద్దెక్కేలోపు ఏరుకోకపోతే కొంత పశువుల పాలు, కొంత దుప్పుల పాలు, మిగిలింది ఎండ పాలు. అందుకని మార్చి మొదటివారం నుంచి నెల రోజులకు పైగా గూడెం ఆడవాళ్ళు నాలుగున్నరకే గంపలతో బయలుదేరతారు. అదే పూవు కోసం అదే వేళకు గుడ్డెలుగు కూడా వస్తుంది. ఎలుగుబంటికి చూపు మందం. తల వంచి తింటున్నప్పుడు దానికి చెవులు కూడా లేనట్టే. పూవు ఏరే మనిషిదీ వంచిన తలే. ఒకరినొకరు చూసుకునేసరికి మధ్యన నాలుగు గజాలు మిగులుతాయి. మనిషి ముఖమూ జంతువు ముఖమూ ఒకే ఎత్తులో ఉంటాయి. గాయాలు ఎప్పుడూ ముఖానికే తగలడానికి కారణం ఆ ఎత్తు. అందులో పగ లేదు, క్రూరత్వం లేదు.

దీనికి గూడెం పెట్టుకున్న కాపలా ఒక కూత. ఎలుగును మొదట చూసిన మనిషి పరుగెత్తదు, కేక వేయదు. అరచెయ్యి నోటికి ఓరగా పెట్టి, కడుపులోంచి మూడుసార్లు పొట్టిగా, లోతుగా "హూ" అంటుంది. నాలుగోదాన్ని సాగదీసి పైకెత్తుతుంది. ఆ పైన గొంతు జీరపోయి విరుగుతుంది. కూతకు అర్థం పారిపొమ్మని కాదు, నిలబడమని. విన్న ప్రతి మనిషీ చేతిలో పూవు అక్కడే వదిలి, నిటారుగా లేచి, పక్కనున్న మనిషిని పట్టుకోవాలి. నిలబడి జతగా ఉన్న మనుషులను చూస్తే ఎలుగు దాదాపు ఎప్పుడూ తన దారిన పోతుంది.

దానికొక కట్టుబాటు ఉంది. కంటితో చూడకుండా ఎవరూ ఆ కూత కూయరాదు. ఆటకు కూసినా సరే, కూసిన మనిషి ఆ రోజు ఏరిన పూవంతా అందరి ముందు నేల మీద కుమ్మరించి వట్టి గంపతో ఇంటికి పోవాలి. గూడెంలో అందరికంటే అనుభవం ఉన్న పోశమ్మ పదేళ్ళ వయసులో ఒకసారి అలా కుమ్మరించింది. యాభై ఏళ్ళ తర్వాత ఆ సంగతి నాకు చెప్పినప్పుడు కూడా తలెత్తలేదు.

"మా అవ్వ నన్ను కొట్టలే అక్కా. కొడితే మర్శిపోతుంటి. గంప కుమ్మరిచ్చి ముంగట నడువుమన్నది. ఊరంత సూశిన్రు."

నేను జంతుశాస్త్రం చదివినదాన్ని. 1988 నుంచి 1990 దాకా మూడు ఇప్పపూవు కాలాలు ఆ గూడెంలో ఉండి, ఎలుగుబంట్ల ఆహారం మీద వరంగల్‌లోని విశ్వవిద్యాలయానికి పరిశోధన గ్రంథం సమర్పించాను. అందులో నూట నలభై మూడో పేజీలో ఈ కూత గురించి ఆరు పంక్తులున్నాయి. జరిగినదానికి మొదటి కారణం ఆ ఆరు పంక్తులు. వాటిని రాసినది నేను.

రెండో కారణం యుగేందర్. టేకుమట్ల దగ్గరి పిల్లవాడు. జనగామలో నేను పాఠం చెప్పిన కళాశాలలోనే డిగ్రీ చదివాడు. జంతువుల శబ్దాల మీద ఆసక్తి చూపించిన ఒకే ఒక్క విద్యార్థి అని నా పుస్తకం చదవడానికి ఇచ్చాను. తర్వాత హైదరాబాదు పోయి యానిమేషన్ స్టూడియోలో శబ్దవిభాగంలో చేరాడు. 2013లో వాళ్ళు 'అడవి బ్యాచ్' అనే హాస్యచిత్రం మొదలుపెట్టారు. బొండం అనే ఎలుగుబంటి, చెంగు అనే లేడి, సూదిమామ అనే ముళ్ళపంది, ముగ్గురూ ప్రాణస్నేహితులు. లేడి పత్రికల భాష మాట్లాడుతుంది. ముళ్ళపంది పాతకాలపు పంతులు భాష మాట్లాడుతుంది. తిండిపోతూ పిరికిదీ అయిన ఎలుగుబంటి మాత్రం మన యాస మాట్లాడుతుంది. అలా రాయించినవాడు ఆ యాసలోనే పెరిగిన టేకుమట్లవాడే అన్నది నేను చాలాకాలం తర్వాత గాని ఆలోచించలేదు.

"మేడం, అడివి శబ్దాలు ఒరిజినల్‌గ కావాలె. మీ బుక్కుల ఒక కూత ఉంది గదా," అని ఆ డిసెంబరులో ఫోన్ చేశాడు.

నేనే కారెక్కి అతణ్ణి తునికిగుంపుకు తీసుకుపోయాను. గూడెంలో ఆ కూత అందరికంటే గట్టిగా కూసేది పూనెం సారక్క. అప్పుడామెకు ముప్పై రెండేళ్ళు. నేను పరిశోధనకు పోయిన రోజుల్లో నా చేతిసంచి మోసిన పిల్ల.

"ఎలుగు లేకుంట ఎట్ల కూత్త అవ్వా?" అంది. తల్లినీ తల్లిలాంటి మనిషినీ అక్కడ అవ్వా అంటారు.

పోశమ్మ ఇంకా సూటిగా చెప్పింది. "కూయొద్దు. గాయన అడిగిండని కూస్తరా?"

నేను దానికొక ఉపాయం చెప్పాను. గూడెంలో ఎవరికీ వినబడనంత దూరం పోదాం, కారు అద్దాలు ఎక్కించి లోపలే కూద్దాం. వినే చెవి లేనప్పుడు కట్టుబాటు తప్పినట్టు కాదు. నా ఉపాయం నాకు చాలా తెలివైనదిగా తోచింది. కొత్తగూడ దారిలో ఎనిమిది కిలోమీటర్లు పోయి, అద్దాలు మూసిన కారులో సారక్క నాలుగుసార్లు కూసింది. తర్వాత యుగేందర్ ఒక కాగితం ఇచ్చాడు. దాంట్లో 'ఏ రూపంలోనైనా, ఎన్నిసార్లైనా, శాశ్వతంగా' అని ఉంది. నేను ఆమెకు దాన్ని "సినిమాలో వేస్తారు" అని చదివి చెప్పాను. ఆ కాగితాన్నంతా రెండు పదాలు చేశాను. ఆమె సంతకం పెట్టింది.

2015 మే నెలలో జనగామలో ఆ సినిమా చూశాను. బొండానికి తేనెటీగ కనబడుతుంది. అది అరచెయ్యి నోటికి ఓరగా పెట్టుకుని, సారక్క గొంతుతో మూడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా కూసి, గొంతు విరిగిన చోట వెనక్కి పడి పిర్రల మీద కూలబడుతుంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్కసారే, మొదటిసారి. కానీ నవ్వాను. ఎలుగును చూసిన మనిషి కూసే కూతను ఎలుగు చేత కూయించారన్న సంగతి రెండోసారి కూసినప్పుడు గాని నాకు తట్టలేదు. తట్టాక కూడా నేను చేసింది ఇంటికి పోవడమే.

రెండో భాగం 2017లో వచ్చింది. అందులో ఆ కూత ఇరవై ఆరుసార్లు ఉంది. దానితో పాటు పొట్ట నొక్కితే కూసే ప్లాస్టిక్ బొండం బజారులోకి వచ్చింది. ఫోన్లు ఆ కూతతో మోగాయి. బడి విడిచే వేళకు జనగామ వీధుల్లో నలుమూలల నుంచీ అదే వినబడేది. ఆ అక్టోబరులో వన్యప్రాణుల మీద ప్రేమ పెంచాలని ఎవరో దయగల పెద్దమనిషి తన ఖర్చుతో గంగారం చుట్టుపక్కల బడుల్లో ఆ సినిమా వేయించి, పిల్లలకు బొమ్మలు పంచాడు. ఆయనది మంచి మనసే. నేను ఆయన పేరు తెలుసుకున్నాను, ఇక్కడ రాయను. తునికిగుంపులో పద్నాలుగు ఇళ్ళున్నాయి. తొమ్మిది ఇళ్ళలోకి బొమ్మ వచ్చింది.

ఆ చలికాలమంతా గూడెంలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం సారక్క గొంతు వినబడింది. మొదటి వారం పెద్దవాళ్ళు వినబడినప్పుడల్లా లేచి నిలబడ్డారు. రెండోవారం ఉలిక్కిపడి మళ్ళీ కూర్చున్నారు. నెల తిరిగేసరికి తలెత్తడం మానేశారు. పోశమ్మ ఒక బొమ్మను రాయితో పగలగొట్టింది. ఆ ఇంటివాళ్ళు ఆమెతో పది రోజులు మాట్లాడలేదు. కట్టుబాటు ప్రకారం శిక్ష వేయాలంటే కూసినవాళ్ళ గంప కుమ్మరించాలి. బొమ్మకు గంప లేదు.

మార్చిలో పూవు రాలడం మొదలైన వారం లోపల రెండుసార్లు తెల్లవారుజామున కూత వచ్చింది. రెండుసార్లూ ఆడవాళ్ళు పూవు వదిలి లేచి ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. రెండుసార్లూ అది పిల్లలు గంపలో పడేసి మరిచిన బొమ్మ. పైన పూవు బరువు పడి పొట్ట నొక్కుకుంది. 

మార్చి 24న ఎలుగును చూసినది పోశమ్మ. కూసింది. ఆమెకూ సారక్కకూ మధ్య ముప్పై గజాల దూరం. సారక్క వంగి ఏరుతూనే, పక్కనున్న కూతురు లతతో అన్నది:

"బొండానికి ఆకలైందే. ఎవలి గంపల ఉందో సూడు."

లత నవ్వింది. పక్క చెట్టు కింద ఇంకో ఇద్దరు నవ్వారు. పోశమ్మ రెండోసారి కూసింది. అప్పటికి ఆలస్యమైంది.

సారక్క వరంగల్ దవాఖానలో నలభై రెండు రోజులు ఉంది. ఎడమ కన్ను, ఎడమ చెంప ఎముక, పైపెదవిలో సగం పోయాయి. నేను ప్రతి మంగళవారం, శుక్రవారం పోయాను. మొదటి మూడు వారాలు ఆమె మాట్లాడలేకపోయింది. మాట వచ్చాక చెప్పిన మొదటి సంగతి ఇది:

"నా గొంతు నేనే ఇని ఇని ఇసుగొచ్చింది అవ్వా. పోశవ్వ కూసిందని సుత ఎర్కపట్టలే. నా గొంతే అనుకున్న."

ఈ సంగతి నేను చెప్పినప్పుడు చాలామంది చదువుకున్నవాళ్ళు పులి వచ్చిందని అబద్ధమాడిన పశువుల కాపరి పిల్లవాడి కథ గుర్తుచేశారు. వాళ్ళ మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఆ కథలో అబద్ధమాడినవాడే నష్టపోతాడు, అందుకే అది పిల్లలకు నీతిగా పనికొస్తుంది. తునికిగుంపులో ఎవరూ అబద్ధమాడలేదు. అబద్ధాన్ని ఇంకెక్కడో తయారుచేసి, రంగులేసి, అట్టపెట్టెలో పెట్టి వాళ్ళ ఇళ్ళకు పంపారు.

సారక్కకు కావలసింది ఒక్కటే. వచ్చే మార్చిలో లత పూవుకు పోతుంది. పోకతప్పదు, తల్లి ఇక పోలేదు గనుక. ఆ పిల్ల చెవికి కూత మళ్ళీ కూతగా వినబడాలి. అంతలో 'అడవి బ్యాచ్' మూడో భాగం డిసెంబరులో వస్తున్నదని, దానిలో బొండం కూత పాటగా కూడా ఉందని పత్రికలో చదివాను. యుగేందర్‌కు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నవంబరు 18న భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాలులో సినిమా ప్రచారం కోసం 'బొండం కూత పోటీ' పెడుతున్నారని, యుగేందర్ వస్తున్నాడని తెలిసింది. సారక్కను తీసుకుని పోయాను.

హాలులో మూడు వందల మంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఉన్నారు. పిల్లలు ఒక్కొక్కరే వేదిక ఎక్కి మైకు ముందు కూస్తున్నారు. సారక్క కొంగు ముఖానికి అడ్డం కప్పుకుని నా పక్కన కూర్చుంది. మొదటి పిల్ల కూయగానే లేచి నిలబడి నా భుజం పట్టుకుంది. తర్వాత కూర్చుంది. రెండో పిల్లవాడు కూశాడు. మళ్ళీ లేచింది. ప్రతి కూతకూ లేచింది. నేను పద్నాలుగుసార్లు లెక్కపెట్టాను.

వెనకనుంచి ఒకాయన అన్నాడు. "అక్కా, జర కూసో. మా బిడ్డ కూసేది వీడియో తీసుకోవాలె."

"కూసుంట నాయినా. మీ బిడ్డను కూయద్దను," అంది సారక్క.

ఆయన నవ్వాడు. పరిహాసమనుకున్నాడు.

ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి ఒకడు వరసల మధ్య తిరుగుతూ అందరినీ కౌగిలించుకుంటున్నాడు. మా వరసకు వచ్చి చేతులు చాచాడు. సారక్క బెదరలేదు.

"పక్కకు జరుగు తమ్మీ. గంత బొచ్చు ఏసుకున్నవు, ఉడుకపోస్తలేదా?"

ఎలుగు తల లోపలినుంచి నీరసమైన గొంతు వచ్చింది. "పోస్తంది అక్కా. పొద్దుగాల తొమ్మిది నుంచి గిదే ఉన్న. నీళ్ళు సుత ఇస్తలేరు."

ఆమె తన సీసా ఇచ్చింది. అతను తాగడానికి ఎలుగు తల తీశాడు. చెమటతో ముద్దయిన ఇరవై ఏళ్ళ ముఖం. అప్పుడు ఫ్యాను గాలికి ఆమె కొంగు జారింది. అతను చూశాడు, నీళ్ళు మింగకుండా ఆగాడు, సీసా తిరిగి ఇచ్చి తల పెట్టుకోకుండానే అవతలికి పోయాడు. ఆ హాలులో సంగతి అర్థమైన మనిషి ఎవరైనా ఉంటే అతనే అనుకుంటాను.

పోటీ ముగిశాక యుగేందర్ మమ్మల్ని వేదిక వెనక పెళ్ళికూతురి గదిలో కూర్చోబెట్టాడు. గోడ నిండా అద్దం, చుట్టూ బల్బులు. సారక్క అద్దానికి వీపు చేసి కూర్చుంది.

"మేడం, మీరు ఫోన్ చేస్తే నేనే జనగామకు వస్తుంటి గదా," అన్నాడు.

"పదకొండుసార్లు చేశాను యుగేందర్."

"షూటింగ్ లెక్కనే మేడం మాది సుత. ఫోన్ సైలెంట్‌ల ఉంటది." సారక్క వైపు తిరిగాడు. ముఖం చూసి చూపు దించాడు. "అక్కా, నాకు తెల్వదు. నిజంగ తెల్వదు. చాన బాధైతుంది."

"బాధ పడుమని రాలే తమ్మీ," అంది సారక్క. పెదవి సగమే ఉన్నందువల్ల ఆమె మాట నెమ్మదిగా వస్తుంది. "గా కూత తీసెయ్యి. గంతే. ఇంకేం అడుగ."

"అక్కా, గది ఒక్క కూత కాదు. బొండం అంటేనే గా కూత. పిల్లలు సిన్మాకు వచ్చేదే దానికోసం. మూడు పార్టులు దాని మీదనే నడుస్తున్నయి."

"మరి బొండం ఇంకోటి అరువరాదా? నువ్వు గీసిన బొమ్మేనాయె. నువ్వు ఎట్ల అరుమంటే గట్ల అరుస్తది. మా అడివిల ఉన్న గుడ్డెలుగుకు నేను చెప్పలేను గదా."

 యుగేందర్ అన్నాడు: "ఒక పని చేస్తం. సిన్మా మొదట్ల ఒక లైన్ ఏస్తం. ఇది నిజమైన హెచ్చరిక కూత, దయచేసి అనుకరించవద్దు అని."

"అనుకరించే పోటీ ఇప్పుడే పెట్టి, బహుమతులు ఇచ్చి వస్తున్నావు," అన్నాను.

అప్పుడతని ముఖం మారింది. అప్పటిదాకా ఉన్న శిష్యుడు పోయి, ఉద్యోగి వచ్చి కూర్చున్నాడు.

"మేడం, కాగితం మీరే చదివి ఇనిపిచ్చిన్రు. ఏ రూపంలోనైనా అని రాసి ఉంది. మీకు తెల్వదా? మీరు చదివినంక అక్క సంతకం చేసింది. ఇప్పుడు తప్పంత నామీద ఏస్తే ఎట్ల?"

ఇది నిజం.  సారక్క నావైపు చూసింది. నేను ఐదేళ్ళు ఆలస్యంగా ఆ కాగితంలో ఉన్న ప్రతి పదాన్నీ ఆమెకు చెప్పాను. శాశ్వతంగా అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆమె అంతా విని ఒక్క మాట అన్నది.

"గిట్లని చెప్తే కూయకపోదును అవ్వా."

తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆమె తిట్టలేదు. గదిలోంచి బయటికి వచ్చాక భూపాలపల్లి బస్టాండు దాకా నాకు నాలుగడుగుల ముందు నడిచింది. బస్సు ఎక్కేటప్పుడు చెయ్యి అందించబోతే కమ్మీ పట్టుకుంది.

జనగామ చేరిన మర్నాటినుంచి ఉత్తరాలు మొదలుపెట్టాను. ఇరవై ఏడేళ్ళు పాఠం చెప్పాను కాబట్టి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల బడుల్లో నా విద్యార్థులు నూట తొంభై ఆరు మంది టీచర్లుగా ఉన్నారని హాజరు పట్టికలు, పెళ్ళిపత్రికలు ముందేసుకుని తేల్చాను. ఒక్కొక్కరికి చేత్తో రాశాను. నూట నలభై మూడో పేజీలోని ఆరు పంక్తులనుంచి దవాఖాన దాకా ఒక్కొక్క మెట్టూ, తేదీతో సహా. నేను కారు అద్దాలు మూయించిన సంగతీ, కాగితాన్ని రెండు పదాలు చేసిన సంగతీ దాచలేదు. చివర ఒకటే అడిగాను: కూత తీయనంతవరకు మీ బడి పిల్లలను ఆ సినిమాకు తోలుకుపోకండి. రాసేటప్పుడు నాకు దుఃఖం లేదు. కోపం ఉంది, కోపం చేతిరాతను బాగు చేస్తుందని ఆ పదిహేను రోజుల్లో తెలిసింది.

అరవై ఒక్కరు జవాబిచ్చారు. నలభై బడులు మూకుమ్మడిగా కొన్న టికెట్లు వద్దన్నాయి. ఒక పత్రిక రెండు కాలాల వార్త వేసింది. డిసెంబరు 8న యుగేందర్ ఫోన్ చేశాడు.

"మేడం, మీరు గెలిచిన్రు. తీసేస్తున్నం. బొమ్మలు సుత ఆపుతున్నం."

"దాని బదులు ఏం పెడుతున్నారు?"

"తుమ్ము. బొండం భయపడితే తుమ్ముతది."

డిసెంబరు 21న సినిమా విడుదలైంది. పోయి చూశాను. బొండం తుమ్మి పిర్రల మీద కూలబడింది. హాలంతా నవ్వింది, 2015లో నవ్వినంత గట్టిగానే. నేను నవ్వలేదు. ఒక తుమ్ముతో అంతే నవ్వు వచ్చేటట్టయితే ఆ కూత వాళ్ళకు ఎన్నడూ అవసరం లేదన్నమాట. అవసరం లేనిదాన్ని, అది ఉంటేనే ప్రాణం నిలిచే మనుషుల దగ్గరనుంచి తీసుకున్నారు. మధ్యవర్తిని నేను.

2019 మార్చి 9న తునికిగుంపుకు పోయాను. పూవు రాలడం మొదలై నాలుగు రోజులైంది, ఎవరూ ఏరడానికి పోలేదు. పోశమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళు కూడారు. సారక్క గుంజకు ఆనుకుని కూర్చుంది. సినిమాలోంచి కూత తీసేశారని చెప్పాను. గూడెంలో మిగిలిన ఎనిమిది బొమ్మలు కాల్చేశారని వాళ్ళు చెప్పారు.

"సిన్మాల తీసిన్రు, మంచిగైంది," అంది పోశమ్మ. "మా చెవులల్లకెల్లి ఎవలు తీత్తరు అక్కా?"

కొత్త కూత పెట్టుకుందామని ఒకరన్నారు. ఈల వేద్దామని లత అంది. పదహారేళ్ళ పిల్ల; ఏడాదిగా తల్లి ముఖాన్ని తానే కడిగి, మందు రాసింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసి చూపించింది. గట్టిగానే వచ్చింది.

"ఎలుగు ముంగట నిలుసుంటే నీకు ఈల గుర్తొస్తదా బిడ్డా?" అని పోశమ్మ అడిగింది. "నాకైతే రాదు. యాభై ఏండ్ల సంది నోట్ల ఉన్నది గదొక్కటే."

అయినా మర్నాడు చూద్దామనుకున్నారు. మార్చి 10 ఉదయం ఐదుంబావుకు తొమ్మిది మంది పోయారు. నేనూ వెంట పోయాను. సారక్క రావద్దన్నా వచ్చి, చెట్లకు ఇవతల దారి మీద కర్ర పట్టుకుని నిలబడింది. అరగంట గడిచింది. ఎడమ వైపు పొదలో ఏదో కదిలింది. పోశమ్మ నోటికి వేళ్ళు పోలేదు. అరచెయ్యే పోయింది. మూడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా.

తొమ్మిది మందిలో పోశమ్మతో సహా ఐదుగురు లేచి నిలబడ్డారు. ముగ్గురు లేవాలా వద్దా అన్నట్టు సగం లేచి ఆగారు. లత నవ్వింది. నవ్వాలని నవ్వలేదు, తుమ్ము వచ్చినట్టు, ఎక్కిళ్ళు వచ్చినట్టు వచ్చేసింది. వెంటనే నోరు రెండు చేతులా మూసుకుంది. అయినా వంగే ఉంది, లేవలేదు. పొదలోంచి వచ్చింది ఎలుగు కాదు, ఎవరిదో తప్పిపోయిన బర్రె. అందరూ చూశారు. ఎవరూ తేలికపడలేదు.

సారక్క దారి మీదనుంచి చెట్ల కిందికి వచ్చింది. కూతురి దగ్గరికి పోయి జబ్బ పట్టుకుని లేపి నిలబెట్టింది. 

"అవ్వా, నేను నవ్వలే. అదే వచ్చింది," అంది.

"నాకెర్కే," అంది సారక్క. ఆ పిల్ల గంప తీసుకుని, అందులో ఉన్న రెండు దోసిళ్ళ పూవు అక్కడే కింద పోసింది. తర్వాత అందరి వైపూ తిరిగి చెప్పింది. "పొద్దు పొడిశి ఎండ పడ్డదాక ఎవ్వలు రావద్దు. ఎలుగులు పోయినంక మిగిలింది ఏరుకుందం. మిగలకపోతే లేదు. గీ కూతను నమ్ముకోని నా బిడ్డను పంప. మీరు సుత పంపకున్రి."

"తిండి ఎట్ల సారక్కా?" అని ఎవరో అడిగారు. 

"ఏమో. మొకం ఉంటె గదా తిండి," అంది.

పోశమ్మ కూడా తన గంప అందరి ముందు కుమ్మరించింది. ఇంటికి తిరిగివచ్చే దారిలో ఆమె గంప అందరికంటే ముందు నడిచింది, వట్టిది.

2024 మార్చిలో తునికిగుంపునుంచి ఇప్పపూవుకు పోయినవారు నలుగురు. ఉదయం ఎనిమిది దాటాక పోయారు. పోశమ్మ అంతకు రెండేళ్ళ ముందే చనిపోయింది, లత గార్లలో ఒక దర్జీ దుకాణంలో జాకెట్లు కుడుతోంది.